చిన్న పడవ ఇంజనును మందగతిని నడుపు విధానము



విత్తనములను, ఎరువులను, పురుగులను గూర్చి వ్రాయవలసిన పుటలలో పడవ ఇంజనును గూర్చి వ్రాయుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల వారికి నీటితోడి పొత్తు నేటిది కాదు. 1855వ సంవత్సరమున బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట పూర్తియైన పిమ్మట మన కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక పడవలకును బాటలైనవి. కొమ్మమూరు కాలువ మీద సరకు పడవలు నడచిన కాలము గడచిపోయినది. అయినను కొల్లిపర, కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలముల లంకలలో సేద్యము చేయువారికి పడవ నేటికిని కావలసియే యున్నది. నిజాంపట్నము, సూర్యలంక తీరములందు ఇంజను పడవలే బెస్తవారి నాగళ్లు. ఉప్పుటేళ్ల ఒడ్డున పొలము గల రైతులలో కొందఱు సేద్యముతో బాటు చిన్న పడవను గూడ ఉంచుకొని, తీరిక వేళల గాలము వేయుచుందురు.

పడవ వెనుక తగిలించు ఈ చిన్న ఇంజను క్రొత్త వస్తువు కాదు. నార్వే దేశమున పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలె ఎవిన్‌రూడ్ అనునాతడు 1909లోనే ఇట్టి ఇంజనులను అమ్మకమునకు పెట్టెను. వేగముగా పోవుటకు అది చక్కగా పనిచేయును. చిక్కంతయు నెమ్మదిగా పోవలసి వచ్చినపుడే. గాలపు త్రాడును పడవ వెనుక ఈడ్చుచు పండుగప్పను గాని వంజరమును గాని పట్టువారికి మందగతి ముఖ్యము. వరద దినములలో అది మఱింత ముఖ్యము. 2024 సెప్టెంబరు మొదటి వారమున ప్రకాశము బారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు విడువబడినప్పుడు లంకలలో పడవ విలువ ఎట్టిదో తెలిసినది. మునిగిన కంచెల నడుమ, అరటితోటల నడుమ పడవను వేగముగా నడిపినచో తీగెలు తగులును. పడవ లేపిన అల మట్టిగోడలను పడగొట్టును. అట్టిచోట ఇంజను నెమ్మదిగా నడువవలెను, నడుమ ఆగిపోరాదు.

కొన్ని సంవత్సరముల క్రిందట జరిగిన సంగతి యొకటి చెప్పెదను. చేపలవేట నిషేధకాలము ముగిసిన కొలది దినములకు, జీలుగ విత్తుటకు తగిన ఉప్పునేలలను చూచుటకై రేపల్లె క్రింది తీరగ్రామమునకు ఒక రైతుతో గూడ పడవలో పోయితిని. సాయంకాలము తిరుగుదారిలో ఆయన గాలము విడిచి ఇంజనును తగ్గించెను. పావుగంట కాకమునుపే అది రెండు మూడు మార్లు దగ్గి ఆగిపోయెను. అది ఆటు సమయము. నీరు మొగవైపునకు లాగుచుండెను. పడవలో తెడ్డు లేదు. లంగరు త్రాడు లోతునకు చాలలేదు. చేతులు పొక్కులెక్కునట్లు త్రాడు లాగినను ఇంజను పలుకలేదు. చీకటి పడువేళకు పడవ ఒడ్డువైపు కొట్టుకొని పోగా, మడచెట్టు కొమ్మ యొకటి చేతికందుటచే బ్రతికి బయటపడితిమి. ఆ కొమ్మ అందకున్న మఱునాటి ఉదయమునకు ఎక్కడ ఉండెడివారమో!

మఱునాడు ఇంజనును విప్పి చూచితిమి. ప్లగ్గు నల్లగా నూనెతో తడిసి యున్నది. ఆ రైతు, నూనె హెచ్చిన ఇంజనుకు మేలని తలంచి రెట్టింపు కలిపినాడు. పెట్రోలు నిషేధమునకు ముందు కొన్నది. అది పాతబడి కార్బురేటరులోని సన్నని రంధ్రమున జిగురై పేరుకొన్నది. రెండును గడియసేపు శ్రద్ధచే తప్పింపదగిన దోషములే. అందువలననే ఈ పాఠము వ్రాయుచున్నాను.

1. మందగతి యనగా ఎంత?

గాలమీడ్చుటకు పడవ గంటకు సుమారు 2 మొదలు 4 నాట్ల వేగమున పోవలెను. ఒక నాటు అనగా గంటకు 1.85 కిలోమీటర్లు. కావున 3 నాట్లన్నచో గంటకు 5.5 కిలోమీటర్లు, ఇంచుమించుగా మనుష్యుడు చురుకుగా నడుచు వేగమే. వంజరమువంటి సముద్రపు చేపలకు ఇంతకంటె కొంత హెచ్చు వేగము కావలసి యుండును. వేగమును కొలుచుటకు యంత్రము లేకున్నను చింతలేదు. అణియము వద్ద ఒక పుల్లను నీటిలో వేసి, అది అమరము దాటువఱకు ఎన్ని సెకండ్లు పట్టినదో చూడుడు. 20 అడుగుల పడవకు 4 సెకండ్లు పట్టినచో వేగము 3 నాట్లు. 6 సెకండ్లు పట్టినచో 2 నాట్లు. పుల్లయు నీటితోడనే పోవును గనుక, ఈ కొలత నీటిలో పడవ వేగమునే తెలుపును గాని ఒడ్డును బట్టి వేగమును తెలుపదు. గాలమునకు కావలసినది నీటిలోని వేగమే.

2. ఇంజను ఏల దగ్గును?

మన తీరమున వాడుకలోనున్న చిన్న ఇంజనులలో పెక్కు రెండు స్ట్రోకులవి. వీనిలో నూనెను పెట్రోలుతోనే కలిపి పోయుదురు. ఇంజను వడిగా తిరుగునపుడు లోనికి వచ్చు క్రొత్త గాలి, పెట్రోలు ఆవిరి కలసి కాలిన పొగను బయటికి త్రోసివేయును. నెమ్మదిగా తిరుగునపుడు ఆ త్రోపు చాలదు. కాలిన పొగ కొంత లోపలనే నిలిచి క్రొత్త ఆవిరితో కలియును. నిప్పురవ్వ తగిలినను అది సరిగా అంటుకొనదు. అంటుకొనని పెట్రోలును, నూనెయు ప్లగ్గును తడుపును. మఱియు మందగతిలో కార్బురేటరు యొక్క పెద్ద జెట్టు పనిచేయదు. తలవెండ్రుకకంటె కొంచెము పెద్దదగు చిన్న జెట్టు ద్వారముననే ఇంజనుకు ఆహారము అందవలెను. అందు చిన్న నలుసు పడినను ఇంజను ఆకటితో ఆగిపోవును. వేగముగా నడచు ఇంజను తగ్గింపగానే ఆగినచో, మొదట అనుమానింపవలసినది ఈ చిన్న జెట్టునే.

నాలుగు స్ట్రోకుల ఇంజనులలో నూనె వేఱుగా నుండును. అవి మందగతిని నిలుకడగా తిరుగును. పెట్రోలు తక్కువ త్రాగును. కాని వెల హెచ్చు, బరువు హెచ్చు. ఉన్న ఇంజనును చక్కబఱచుకొనుట ముందు, క్రొత్తదానిని కొనుట తరువాత.

3. ఇంధనము, నూనె

నూనె పాలు ఇంజను పుస్తకమున వ్రాసినట్లే యుండవలెను. 50కి 1 పాలని యున్నచో లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. 25కి 1 అని యున్నచో 40 మిల్లీలీటర్లు. కంటిచూపుతో పోయక కొలగిన్నెతో పోయుడు. నూనె హెచ్చినచో ప్లగ్గు తడియును. తగ్గినచో పిస్టను పట్టుకొని పోవును. మోటారు సైకిలు నూనె దీనికి తగదు. నీటిచే చల్లబడు పడవ ఇంజనులకు వేఱు నూనె కలదు. డబ్బా మీద టి.సి.-డబ్ల్యు. 3 అను గుర్తును చూచి కొనవలెను.

నేడు బంకులలో దొరకు పెట్రోలులో నూటికి 20 పాళ్లవఱకు ఇథనాలు కలిసి యున్నది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చును. నీరు హెచ్చినచో ఆ రెండును పెట్రోలునుండి విడివడి ట్యాంకు అడుగున చేరును. అట్టి ఇంధనముతో ఇంజను నడువదు. పాత రబ్బరు గొట్టములను గూడ ఇథనాలు మెత్తబఱచును. కావున నెలకు మించి పెట్రోలును నిలువ చేయకుడు. ట్యాంకు మూత బిగుతుగా నుండవలెను. ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు మన తీరమున ఇంజను పడవలకు వేట నిషేధము కలదు. ఇంజనును మూలబెట్టుటకు ముందు ట్యాంకును ఖాళీచేసి, కార్బురేటరు గిన్నెలోని పెట్రోలును గూడ దింపివేయుడు. ఈ యొక్క పని చేసినచో నేను చెప్పిన ఆపదలో సగము తప్పియుండెడిది.

కిరోసిన్‌తో నడుచు ఇంజనులను పెట్రోలుతో ప్రారంభించి, వేడెక్కిన పిదప కిరోసిన్‌కు మార్చుదురు. మందగతిలో ఇంజను వేడి తగ్గును. కిరోసిన్ సరిగా ఆవిరి కాక ప్లగ్గును తడుపును. కావున చాలసేపు నెమ్మదిగా నడుపవలసినచో పెట్రోలు మీదనే నడుపుడు. ఇంజనును ఆపుటకు ముందుగూడ కొన్ని నిమిషములు పెట్రోలుకు మార్చినచో, మరల ప్రారంభించుట సులభమగును.

4. ప్లగ్గు చెప్పు సాక్ష్యము

వైద్యుడు నాలుకను చూచినట్లు ఇంజనుకు ప్లగ్గును చూడవలెను. కొన లేత గోధుమరంగున నున్నచో ఇంజను ఆరోగ్యముగా నున్నది. నల్లగా తడిగా నున్నచో నూనెయో పెట్రోలో హెచ్చినది. తెల్లగా సున్నము పూసినట్లున్నచో పెట్రోలు చాలక ఇంజను మిక్కిలి వేడెక్కుచున్నది. ఇది అన్నిటికంటె అపాయకరము. ప్లగ్గు సందు పుస్తకమున చెప్పిన కొలతకు సరిగా నుండవలెను. కొలుచుటకు రేకుల కొలబద్ద చవుకగా దొరకును. పుస్తకమున ఒకటికంటె హెచ్చు ప్లగ్గులకు అనుమతి యున్నచో, మందగతికి వానిలో వేడిని నిలుపుకొను రకము మేలు. కాని ఆ ప్లగ్గుతో పూర్తివేగమున దూరము పోరాదు.

5. కార్బురేటరు సవరణ

మొదట శుభ్రము, తరువాత సవరణ. జెట్టును విప్పి, క్రొత్త పెట్రోలుతో కడిగి, గాలి ఊది చూడుడు. ఇనుప తీగెతో పొడువరాదు. రంధ్రము పెద్దదైనచో జెట్టు పాడగును. పెట్రోలు వడపోత జల్లెడను గూడ శుభ్రపఱచుడు.

పిమ్మట ఇంజనును నీటిలోనే యుంచి, పదినిమిషములు నడిపి వేడెక్కనిండు. పడవను గట్టి గుంజకు కట్టి, గేరు వేసి సవరింపవలెను. గేరు లేనపుడు చేసిన సవరణ గేరు వేయగానే చెడును. మందగతి మరను లోనికి నెమ్మదిగా కొంచెము కొంచెము త్రిప్పుడు. ఒక స్థానమున ఇంజను వేగము తగ్గి తుమ్మును. అది పెట్రోలు చాలని గుర్తు. బయటికి త్రిప్పుడు. ఇంకొక స్థానమున అది బరువుగా గుడగుడలాడి పొగ వదలును. అది పెట్రోలు హెచ్చిన గుర్తు. ఈ రెండింటి నడుమ ఇంజను నున్నగా తిరుగుచోటు కలదు. అక్కడినుండి పెట్రోలు హెచ్చువైపునకు ఇసుమంత త్రిప్పి నిలుపుడు. రెండు స్ట్రోకుల ఇంజనులో నూనె పెట్రోలుతోనే పోవును గనుక, పెట్రోలు తగ్గించుట అనగా నూనెనుగూడ తగ్గించుటయే. పొదుపునకై మరను బిగించువాడు పిస్టనును అమ్ముకొనుచున్నాడు.

ఇచట ఒక హెచ్చరిక. కొన్ని ఇంజనులలో ఈ మర పెట్రోలును అదుపు చేయును. మఱికొన్నిటిలో గాలిని అదుపు చేయును. గాలిమర యైనచో పైన చెప్పిన గుర్తులు తలక్రిందులగును. ఏ రకమో పుస్తకము చూచి తెలిసికొనుడు. కర్మాగారమందే మూసివేయబడిన మరను కదలింపకుడు. చివరగా వేగపు మరను సవరించి, గేరులో నున్నప్పుడు ఇంజను ఆగక తిరుగునంత కనీస వేగమునకు నిలుపుడు.

6. చల్లబఱచు నీరు

ఇంజను క్రింది భాగమున రబ్బరు రెక్కల చిన్న పంపు కలదు. అది నీటిని పైకి తోడి ఇంజనును చల్లబఱచును. వెనుక సన్నని ధారగా నీరు పడుచుండుటయే దాని ఆరోగ్యమునకు గుర్తు. మందగతిలో ధార సన్నగిల్లును, గాని నిలిచిపోరాదు. మన కాలువలలో గుఱ్ఱపుడెక్కయు, నాచును, ఉప్పుటేళ్లలో బురదయు ఈ నీటిదారిని మూసివేయును. ధార నిలిచిన వెంటనే ఇంజను నాపి, క్రింది జల్లెడను శుభ్రము చేయుడు. నీరు లేకుండ ఒడ్డున ఇంజనును నడిపి చూచుట కొందఱి యలవాటు. అట్లు చేసినచో రబ్బరు రెక్కలు కొలది సేపటికే మాడిపోవును. ఉప్పునీటిలో నడిపిన ప్రతిసారియు మంచినీటి తొట్టెలో కొన్ని నిమిషములు నడిపి లోపలి ఉప్పును కడిగివేయవలెను.

7. ఇంజనును తగ్గింపకయే పడవను తగ్గించుట

ఎంత సవరించినను కొన్ని ఇంజనులు కనీస వేగమునగూడ పడవను వడిగా లాగుకొని పోవును. అప్పుడు ఇంజనును పీడింపక పడవకే అడ్డు కల్పింపవలెను. దీనికి చవుకైన సాధనము బకెట్టు. గట్టి బకెట్లు రెంటిని పడవకు ఇరుప్రక్కల, మధ్యభాగమునుండి నీటిలోనికి కట్టి ఈడ్చుడు. త్రాడు పొడవు ఎన్నడును ప్రొపెల్లరును అందునంత యుండరాదు. ఇంజను తనకు తగిన చుట్లు తిరుగును. పడవ మాత్రము నెమ్మదించును. రెండవ ఉపాయము ప్రొపెల్లరును మార్చుట. ఒక చుట్టుకు తక్కువ దూరము త్రోయు ప్రొపెల్లరు బరువు పడవకును, మందగతికిని మేలు. పూర్తివేగమున కొంత నష్టము కలుగును.

8. నడుపునపుడు

పావుగంటకో, ఇరువది నిమిషములకో ఒకమారు గాలపు త్రాడును లోనికి తీసి, ఇంజనును ఒక నిమిషము వడిగా నడుపుడు. అడుగున చేరిన నూనె కాలిపోయి, ప్లగ్గు శుభ్రమగును. ఇంజను చల్లగా నుండగనే మందగతికి దింపరాదు. చోక్ తెఱచియే యున్నదేమో చూచుకొనుడు. ఇంజను నాపు త్రాడును మణికట్టుకు కట్టుకొనుడు. నడుపువాడు నీటిలో పడినచో పడవ అతనిని విడిచి పోకుండ ఆగును. ట్యాంకును ఒడ్డుమీదనే నింపుడు. ఆ దాపున బీడీ వెలిగింపరాదు.

తెడ్డు ఒకటి, పొడవైన త్రాడు గల లంగరు, మనిషికొక తేలుడు చొక్కా, సందు సరిచేసిన ప్లగ్గులు రెండు, ప్లగ్గు రెంచి, పొడిగుడ్డ, టార్చి దీపము - ఇవి లేక పడవ రేవు విడువరాదు. మన తీరమున దినమునకు రెండుమార్లు పోటు, రెండుమార్లు ఆటు కలుగును. ఆటు సమయమున మొగ దాపున గాలము వేయుట మాని, పోటు ప్రారంభమైన పిదప వేయుడు. అప్పుడు ఇంజను ఆగినను నీరు మిమ్ము ఇంటివైపునకే చేర్చును.

9. పొలము ఇంజనునకును ఇదే నీతి

పడవ లేని రైతునకును ఈ పాఠము వలన ఫలము కలదు. పెట్రోలుతో ప్రారంభించి కిరోసిన్‌తో నడుపు చిన్న పంపు ఇంజనునకు ప్లగ్గు, జెట్టు విషయములు ఇట్లే వర్తించును. డీసెలు ఇంజనులో ప్లగ్గు లేకున్నను, పెద్ద ఇంజనుకు చిన్న పంపును తగిలించి గంటలకొలది తేలిక బరువుతో నడిపినచో డీసెలు పూర్తిగా కాలక పొగగొట్టమున నల్లని జిడ్డు కారును. సిలిండరు గోడలు గాజువలె నునుపెక్కి నూనెను త్రాగును. ఇంజనుకు తగిన పంపును ఎన్నుకొనుటయే దానికి మందు.

10. సంఘము చేయదగిన పని

ఒక్కొక్క రైతు రేకుల కొలబద్దను, కొలగిన్నెను, రబ్బరు రెక్కలను, జెట్టులను వేఱువేఱుగా కొనుట వృథా వ్యయము. గ్రామమున పది ఇంజనులున్నచో సంఘమే ఒక పెట్టెలో వీనిని ఉంచి, వాడుకొన్న వస్తువునకు వెల పుచ్చుకొనవచ్చును. చేతిపని యందు ఆసక్తి గల యువకుని ఒకనిని ఎన్నుకొని ఈ పనిలో తర్ఫీదు ఇప్పించినచో, నిషేధకాలమగు రెండు నెలలలో గ్రామమందలి ఇంజనులన్నియు ఒకమారు విప్పి శుభ్రము చేయబడును. ప్రతి ఇంజనుకును ఒక చిన్న పుస్తకము పెట్టి, నూనె పాలు, ప్లగ్గు రకము, రబ్బరు రెక్కలు మార్చిన తేది అందు వ్రాయవలెను. పశువుకు టీకా వేయించిన తేదిని గుర్తుంచుకొను రైతునకు ఇది భారము కాదు.

సంగ్రహము

తగ్గింపగానే ఆగినచో చిన్న జెట్టును చూడుడు. పావుగంట నడచి దగ్గినచో ప్లగ్గును, నూనె పాలును చూడుడు. త్రాడు లాగినను పలుకకున్న పెట్రోలు వయస్సును, అందలి నీటిని చూడుడు. వేడెక్కి ఆగినచో నీటి ధారను చూడుడు. అన్నియు సరిగా నుండి పడవ వడిగా పోవుచున్నచో బకెట్టు కట్టుడు.

ఇంజను మాట నేర్వని పశువు వంటిది. దాని దగ్గు, దాని పొగ, దాని ప్లగ్గు రంగు, ఇవియే దాని భాష. ఎద్దు నడకను చూచి దాని బాధను గ్రహింపగల రైతు ఈ భాషను నేర్చుట కష్టము కాదు. ఒడ్డున గడిపిన ఒక గంట, ఆటు నీటిలో ఒక ప్రాణమును నిలుపును. కావున సభ్యులెల్లరును ఈ నెలలోనే తమ ఇంజనుల ప్లగ్గులను ఒకమారు విప్పి చూతురుగాక. తెడ్డును పడవలో పెట్టుట మాత్రము నేడే చేయుదురుగాక.